తుప్పు పీల్చే జీవాలను చూపించిన మేడమ్

మా మేడమ్ గత ఆదివారం ఉదయం ఆరు గంటలకు నందిగామలో తన ఇంట్లో చనిపోయారు. కరెంటు ఉంది. ఆక్సిజన్ మిషన్ నడుస్తూనే ఉంది. ముక్కుకు పెట్టిన గొట్టం ఊడలేదు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు అది. గాలి లోపలికి వెళ్ళింది కానీ అందులోని ఆక్సిజన్ రక్తంలోకి చేరలేదు. మాది ఎదురిల్లు. తోడుగా ఉండే ఆయా ముందు మా తలుపే తట్టింది. జగ్గయ్యపేట దాటాక హైవే పక్కన ఉన్న కాలనీలో మేడమ్ చెల్లెలు ఉంటుంది. ఆమెకు నేనే ఫోన్ చేశాను. ఏడాదిగా ఆమె అక్కతో మాట్లాడలేదు. "ఎప్పుడు?" అని ఒక్క మాట అడిగి పెట్టేసింది.

చాలా ఏళ్ళుగా ఈ రెండు ఊళ్ళ వార్తలు రాస్తున్నాను. చావు వార్తకు ఏమేం కావాలో తెలుసు. పేరు, వయసు, కారణం, అంత్యక్రియలు ఎప్పుడన్నది. అంతవరకూ మర్నాడు పత్రికలో వచ్చింది. ఆ నాలుగు వాక్యాల్లో పట్టనిది ఇక్కడ రాస్తున్నాను.

డిగ్రీలో మాకు సూక్ష్మజీవుల పాఠం ఆమే చెప్పారు. తొలి పాఠం తరగతి గదిలో కాదు, మునేరు పక్కన ఒక వరి మడిలో. చెప్పులు గట్టున వదిలి మడిలోకి దిగమన్నారు. ఆమె కూడా చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపి దిగారు. చేత్తో ఒక బురద ముద్ద తీసి మధ్యకు విరిచి మా ముందు పట్టారు.

"పైన ఏం రంగు?"

"ఎర్రగా ఉందండి."

"లోపల?"

"బూడిద రంగు."

"సరే, దీన్ని గట్టున ఎండలో పెడదాం. అన్నాలు తిని రండి."

తిని వచ్చేసరికి బూడిద రంగు ముద్ద మీద ఎర్రటి పొర తేలింది. ముందు వరసలో ఉన్న మావాడొకడు "ఎండకి మాడిందండీ" అన్నాడు.

"మాడింది నీ మొహం. దానికి గాలి తగిలింది" అన్నారు మేడమ్. అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు. నవ్వు అయ్యేదాకా ఆగి పాఠం చెప్పారు. నీళ్ళు నిలిచిన మట్టిలో గాలి ఉండదు. అక్కడా ప్రాణులు బతుకుతాయి. మట్టికి ఎరుపు ఇచ్చేది తుప్పు, అంటే ఇనుము. గాలి దొరకని సూక్ష్మజీవులు ఆ తుప్పుతోనే ఊపిరి పీలుస్తాయి. అప్పుడది కరిగి నీళ్ళలో కలుస్తుంది, మట్టిలో ఎరుపు పోతుంది. మళ్ళీ గాలి తగిలితే ఆ ఇనుము తుప్పుగా తిరిగి వస్తుంది.

ఆ రోజు ఆమె చెప్పిన మాట నాకు ఇప్పటికీ అక్షరం తప్పకుండా గుర్తుంది. "ఊపిరంటే గాలి పీల్చడం అనుకుంటున్నారు. కాదు. తిన్నదాంట్లోంచి వచ్చిన ఎలక్ట్రాన్లని చివరికి ఎవరికో ఒకరికి అప్పజెప్పాలి. అదీ ఊపిరి. మనం గాలిలో ఉన్న ఆక్సిజన్‌కి అప్పజెబుతాం. గాలి లేనిచోట ఉండేవాళ్ళు రాయికి అప్పజెబుతారు."

సూక్ష్మజీవుల్ని ఆమె ఎప్పుడూ 'వాళ్ళు' అనేవారు. క్రిములు అంటే ఒప్పుకునేవారు కాదు.

ఆ చదువు నాకు ఉద్యోగం ఇవ్వలేదు. నేను విలేకరినయ్యాను. ఆమె రిటైరై మా ఎదురింట్లోకి వచ్చారు. పెళ్ళి చేసుకోలేదు. పొద్దున్నే పేపరు చదివి, నేను గేటు తీసే సమయానికి వరండాలో నిలబడేవారు.

"ఏమయ్యా రిపోర్టరూ, ఆ మూడో పేజీ వార్త. చూసి రాశావా, విని రాశావా?"

"విన్నానండి. ఇద్దరు చెప్పారు."

"ఆ ఇద్దరిలో చూసినవాడెవడు?"

ఆ ప్రశ్న నాకు అలవాటైంది. ఇప్పుడు మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళను నేను అదే అడుగుతున్నాను.

ఆమె వెనక వరండాలో ప్లాస్టిక్ బకెట్లు వరసగా ఉండేవి. వాటి నిండా బురద, పైన జానెడు నీళ్ళు. ఒక్కో బకెట్లో అడుగున ఒక నల్ల పుల్ల, పైన నీళ్ళలో ఒక నల్ల పుల్ల. అయిపోయిన టార్చి సెల్లులు పగలగొడితే మధ్యలో వచ్చే కార్బన్ పుల్లలవి. వాటికి తీగలు కట్టి, బకెట్‌కీ బకెట్‌కీ కలిపి, చివర ఒక చిన్న డిజిటల్ గడియారం పెట్టారు. గడియారం నడిచేది. లోపల బ్యాటరీ లేదు. బురదలో ఉన్నవాళ్ళకు తుప్పు బదులు కార్బన్ పుల్ల దొరికింది, దానికే ఎలక్ట్రాన్లు ఇస్తున్నారు, అవి తీగలో పడి గడియారం దాకా వస్తున్నాయి అని ఆమె వివరం.

పాలు పోసే ఆమె ఒకసారి అడిగింది. "మేడమ్‌గారూ, బురద కరెంటుకి బిల్లు రాదాండీ?"

"ఎందుకు రాదు? తిండి పెట్టాలిగా" అని మేడమ్ ఒక గరిటెడు గంజి తెచ్చి బకెట్లో పోశారు.

నాకు అర్థం కానిది ఒకటే. గాలి అయితే ఒంట్లోకి వస్తుంది. రాయి ఎలా వస్తుంది? అడిగాను. రాదన్నారు. "అందుకే వాళ్ళు ఎలక్ట్రాన్ని బయటికి మోసుకొస్తారు. కొందరి ఒంటి గోడలో లోపలినుంచి బయటిదాకా అందించే ప్రొటీన్లు ఉంటాయి. కొందరు వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు సన్నని తీగలు చాపి రాయిని ముట్టుకుంటారు. ఆ రెండూ చేతకానివాళ్ళు మధ్యవర్తిని పంపుతారు. కుళ్ళిన ఆకుల్లోంచి దిగిన పసరులాంటిది, ఎలక్ట్రాన్ని రాయి దగ్గర దించి మళ్ళీ వెనక్కి వస్తుంది."

"కమీషను తీసుకోదాండీ?"

"తీసుకోదు. అందుకే నీకు వార్త కాదు."

రాయికి ఇవ్వడమే కాదు, రాయి నుంచి, ఇనప గొట్టాల నుంచి ఎలక్ట్రాన్లు తీసుకుని బతికేవాళ్ళూ ఉన్నారని చెప్పేవారు. బోరు గొట్టాలు కొన్నిచోట్ల తొందరగా తినేసినట్టు అయిపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు అనేవారు. 'కావచ్చు' అన్న మాటను ఆమె ఎప్పుడూ వదల్లేదు.

ఒక వేసవిలో చెల్లెలి దగ్గర నుంచి మామిడి తాండ్ర వచ్చింది. కాలనీ నుంచి నందిగామ వచ్చే ఆటోలో పంపింది. మేడమ్ సగం మాకు ఇచ్చారు. ఇచ్చి, "మా చెల్లెలికి చెట్లు లేవు. కొనే స్తోమతా లేదు. ఇంత తాండ్ర ఎక్కడిదయ్యా?" అన్నారు. ఫోన్ చేసి కనుక్కున్నారు. చెల్లెలు దాచలేదు.

కాలనీ వెనక పని ఆగిపోయిన సున్నపురాయి క్వారీ ఒకటి ఉంది. రాయి తీసేటప్పుడు పైనుంచి తవ్విన ఎర్రమట్టిని చాలావరకు ఆ గుంటలోనే పోశారు. ఆ ఏడు మామిడి ధర పడిపోయింది. రెడ్డిగూడెం వైపు నుంచి వచ్చిన లారీలు అమ్ముడుపోని కాయను, దారిలో పండి చితికిన కాయను ఆ గుంటలో దింపి పోయేవి. అంతకుముందు అదే గుంటలో కోళ్ళ వ్యర్థాలు పోయబోతే కాలనీ మొత్తం అడ్డం పడుకుని ఆపింది. మామిడిని ఆపలేదు. ఆడవాళ్ళు గుట్టల్లోంచి బాగున్న పండ్లు ఏరుకుని, చాపల మీద రసం పోసి తాండ్ర ఎండబెట్టారు. మర్నాటి వేసవిలోనూ లారీలు వచ్చాయి. వచ్చినప్పుడల్లా సంబరమే.

ఆ రెండో వేసవి తరవాతి వర్షాల్లో కాలనీ బోరింగు నీళ్ళు మారాయి. కొట్టినప్పుడు తెల్లగానే వస్తాయి. బిందెలో కాసేపు ఉంటే పసుపుపచ్చగా, తరవాత ఇటుక రంగుకు తిరుగుతాయి. రాత్రంతా కదపకుండా ఉంచితే ఎరుపు అడుగుకు చేరి పైన నీళ్ళు తేటగా నిలుస్తాయి. ఆ పై నీళ్ళు ముంచుకుని తాగేవారు. తేరిన నీళ్ళు మంచివని వాళ్ళ నమ్మకం. మా ఇళ్ళలోనూ అదే నమ్మకం.

మేడమ్ ఆ గుంటలో ఎర్రమట్టి తెప్పించి రెండు సీసాల్లో నీళ్ళతో కలిపి మూత బిగించారు. ఒకదానిలో చెంచాడు మామిడి గుజ్జు వేశారు. కొన్ని వారాలకు గుజ్జు వేసిన సీసాలో మట్టి నల్లబడింది. రెండూ పట్టుకుని ఒక ఆదివారం కాలనీ చర్చికి వెళ్ళారు. నేనూ వెళ్ళాను. ఆరాధన అయ్యాక చెట్టుకింద అందర్నీ కూర్చోబెట్టి, రెండు సీసాల మీది నీళ్ళను రెండు గాజు గ్లాసుల్లోకి వంచారు. అప్పటికి రెండూ తేటగానే ఉన్నాయి. మాట్లాడుతూ ఉండగానే ఒక గ్లాసు పచ్చబడింది.

సంఘపెద్ద చేతులు కట్టుకుని అన్నాడు. "పండ్లే గదమ్మా పోసింది, విషం కాదు గదా?"

"పండు విషం కాదండీ. ఆ పండు తినేవాళ్ళు మీ మట్టిలో ఉన్నారు. తిన్నాక ఎలక్ట్రాన్లు ఎవరికో ఇవ్వాలి. కింద గాలి లేదు. ఎర్రమట్టిలో ఇనుము ఉంది, మాంగనీసు ఉంది. వాటికి ఇస్తున్నారు. తీసుకోగానే అవి కరిగి నీళ్ళలోకి దిగుతున్నాయి. ఇన్నాళ్ళూ అవి అక్కడే ఉన్నాయి, గట్టిగా ఉన్నాయి కాబట్టి మీ జోలికి రాలేదు."

"ఇనుము మంచిదేగా పెద్దమ్మా! అంగన్‌వాడీలో బిళ్ళలు కూడా ఇస్తారు" అంది ఒక పిల్లతల్లి. నవ్వులు.

"ఇనుము సంగతి వదిలెయ్. అది ఒక రాత్రిలో తేరుతుంది. రెండోది తేరదు. నీళ్ళు తేటగా ఉన్నా మాంగనీసు అందులోనే ఉంటుంది. ఎక్కువగా ఉన్న నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే పిల్లల బుర్రకి మంచిది కాదు. మీ నీళ్ళలో ఎంతుందో నాకు తెలీదు. పరీక్ష చేయించాలి. అప్పటిదాకా ఈ బోరింగు తాగడానికి వాడొద్దు. ఆ లారీల్ని ఆపండి."

వెనక వరస నుంచి చెల్లెలు లేచింది. మేడమ్ కన్నా చాలా చిన్నది. పొలం పనులకు వెళ్ళే మనిషి. బోరింగు ఆమె ఇంటి ముందే ఉంటుంది. ఆమె మాట కాదని కాలనీలో ఎవరూ దానిమీద చెయ్యి వెయ్యరు.

"బోరింగు వాడకపోతే నీళ్ళెక్కడివక్కా?"

"ట్యాంకరు అడుగుదాం. పైపు అడుగుదాం. కృష్ణ ఎంత దూరమే? వేదాద్రి దగ్గర నిండుగా పారుతోంది."

"అడుగుదాం, అడుగుదాం. ఈలోపల? రోడ్డు దాటాలి. రోడ్డు అవతల లారీల కాటా దగ్గర కుళాయి. గుర్తుందా?"

మేడమ్ చేతిలోని గ్లాసు కింద పెట్టారు.

"అమ్మ ఎందుకు పోయిందో గుర్తుందా అంటున్నా. నువ్వు హాస్టల్లో ఉన్నావు. రోడ్డు మీద నేనున్నా."

అక్కడున్న వాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. నాకే తెలియదు. తిరుగు ఆటోలో మేడమ్ చెప్పారు. కాలనీలో బోరింగు లేని రోజుల్లో తల్లి నీళ్ళకు రోడ్డు దాటుతుంటే లారీ కొట్టింది. చిన్న బిందె పట్టుకుని వెనకే నడుస్తున్నది చెల్లెలు. మేడమ్ అప్పుడు విజయవాడలో చదువుకుంటున్నారు. ఆ చావు తరవాతే కాలనీకి బోరింగు వేశారు. "అది మా అమ్మ ప్రాణం పోసి తెచ్చుకున్న బోరింగు. నేను వెళ్ళి మూసెయ్యమంటున్నా" అన్నారు.

ఆమె ఊరుకోలేదు. అర్జీ మీద అర్జీ పెట్టారు. మధ్యలో ఇంకోసారి కాలనీకి వెళ్ళారు. ఈసారి ప్రసంగం లేదు. ఇంటింటికీ తిరిగి "బిందె చూపించండి" అని అడిగారు. మాంగనీసు ఉన్న నీళ్ళు రోజూ పోస్తే బిందె లోపల నల్లటి పొర కడుతుంది, అది చూడాలని. చూశారు. స్టీలు బిందెలు లోపలా బయటా తళతళలాడుతున్నాయి. ఒక్కదానిలోనూ నలుపు లేదు.

చివరికి నీళ్ళ పరీక్ష జరిగింది. మండలంలో నీటి సరఫరా చూసే ఏఈ ఒక బాటిల్లో నీళ్ళు పట్టి పంపాడు. తాగడానికి పనికొస్తాయని జవాబు వచ్చింది. నేను ఆ వార్త రాశాను. సంఘపెద్ద ఆ కటింగును చర్చి గోడకు అతికించాడు. ఆ సాయంత్రం చెల్లెలు ఫోన్ చేసింది. మేడమ్ స్పీకర్‌లో పెట్టారు, అప్పటికే చెయ్యి ఎత్తి ఫోన్ పట్టుకుంటే ఆయాసం వస్తోంది.

"విన్నావా అక్కా? మంచివంట. ఇంక మా నీళ్ళ జోలికి రాకు. మా ఇంటికీ రాకు."

ఆ తరవాత ఏడాదంతా ఆ ఫోన్ మోగలేదు.

జబ్బు పెరిగింది. సరైన మందు లేదని హైదరాబాదు డాక్టరు చెప్పాడు. ఆక్సిజన్ మిషన్ వచ్చింది. అది ఫ్రిజ్‌లాగా మోగుతూ ఉండేది. దాని పొడుగాటి గొట్టం ఎంతవరకు వస్తే ఆమె అంతవరకే నడిచేవారు. వెనక వరండా దాకా అందేది కాదు. బకెట్లకు గంజి పోసే పని ఆయా మీద పడింది. "నాకు ఆక్సిజనే కావాలయ్యా. వాళ్ళకి తుప్పు చాలు. ఎవరు గొప్ప?" అన్నారు ఒకసారి. జాలి కోసం అన్న మాట కాదు. ఆమె పాఠం చెప్పినట్టే అన్నారు.

నిరుడు చలికాలంలో ఏఈ ఆమెను చూడటానికి వచ్చాడు. అతనూ ఆమె శిష్యుడే. మాటల్లో మాటగా, ల్యాబుకు వెళ్ళే బండి దొరక్క నీళ్ళ బాటిళ్ళు తన ఆఫీసు కిటికీలో వారాల తరబడి ఉండిపోతాయని వాపోయాడు. మేడమ్ దిండు మీద నుంచి లేచారు.

"మా కాలనీ బాటిలు ఎన్నాళ్ళుంది?"

"చాన్నాళ్ళే ఉందండి."

"పట్టేటప్పుడు యాసిడ్ చుక్కలు వేశావా?"

"యాసిడ్ ఎందుకండీ? బాటిలు మాత్రం శుభ్రంగా కడిగామండి."

ఆమె నవ్వారు. నవ్వు దగ్గులోకి తిరిగింది. ఆయా వచ్చి వీపు నిమిరింది. తేరుకోవడానికి చాలాసేపు పట్టింది. తరవాత వివరంగా చెప్పారు. నీళ్ళు పట్టగానే అందులో నాలుగు చుక్కల యాసిడ్ వెయ్యాలి. లేకపోతే ఇనుము అడుగుకు దిగుతుంది. మాంగనీసు బిందెలో ఒక రాత్రికి దిగదు కానీ, వారాలు దొరికితే అదీ దిగి బాటిలు గోడలకు అంటుకుంటుంది. ల్యాబులో పైన తేటను ఒంపి చూస్తే వాళ్ళకు మంచినీళ్ళే కనిపిస్తాయి.

"కాలనీ ఆడవాళ్ళు రాత్రి బిందెల్లో తేర్చారు. నువ్వు కిటికీలో తేర్చావు. తేడా ఏముందిరా అబ్బాయ్?" అన్నారు.

ఏఈ తల దించుకున్నాడు. మళ్ళీ పట్టి, యాసిడ్ వేసి, ఆ రోజే పంపుతానన్నాడు. అన్నట్టే వెళ్ళాడు కూడా. అతను కాలనీకి చేరేసరికి బోరింగుకు కొట్టే చెయ్యి లేదు. చెల్లెలు ఊడదీసి ఇంట్లో పెట్టింది. "ఒకసారి మంచివన్నారు. మళ్ళీ ఏం పరీక్ష? మా అక్క పంపిందా?" అని అడిగింది. అతను అబద్ధం చెప్పలేకపోయాడు. ఖాళీ బాటిలుతో తిరిగొచ్చాడు.

మేడమ్‌తో నా చివరి సంభాషణ పోయిన వారం. పేపరు చదవడం అప్పటికి మానేశారు. నేను పెద్ద అక్షరాలవి చదివి వినిపించాను. సగంలో చేత్తో ఆపమన్నారు. మాటకూ మాటకూ మధ్య గాలి కోసం ఆగుతూ మాట్లాడారు.

"నేను తప్పయితే ఏంటయ్యా?"

"ఎందులోనండీ?"

"బిందెలు. నా కళ్ళతో చూసా. ఒక్కదాంట్లో నలుపు లేదు. ఇనుము ఉంది, అది నిజం. మాంగనీసు... నేను చూళ్ళేదు. చూడకుండా చెప్పా. నీకు చెప్పే నీతులు నేను పాటించలేదు."

"పరీక్ష జరిగితే తేలుతుంది కదండీ."

"జరగనివ్వదు. మా అమ్మ పోలిక దానిది." ముక్కు దగ్గర గొట్టం సర్దుకున్నారు. "నీళ్ళ సంగతి అటుంచు. నా మాట వల్ల వాళ్ళు ఆ రోడ్డు దాటి, దాటాల్సిన అవసరం లేకుండానే దాటి, ఎవరికైనా ఏదైనా అయితే?"

నాకు తెలియని విషయం అది. తెలియని విషయానికి ఆమె దగ్గర జవాబు చెప్పే అలవాటు నాకు లేదు. ఆమె ఆ అనుమానంతోనే పోయారు. ఇది అందంగా చెప్పడానికి నాకు దారి లేదు.

ఆమె కోరిక ప్రకారం సోమవారం కాలనీ సమాధుల తోటలో, తల్లి పక్కన పాతిపెట్టారు. నందిగామ నుంచి మా వీధివాళ్ళం కొందరం, పాత విద్యార్థులం కొందరం వెళ్ళాం. ఏఈ వచ్చాడు. పాస్టరుగారు క్లుప్తంగా ప్రార్థన చేశారు. చెల్లెలు ఏడవలేదు. మట్టి వేసేటప్పుడు మాత్రం పిడికిట్లోని ఎర్రమట్టిని వదలకుండా చాలాసేపు పట్టుకుంది. పక్కనున్నవాళ్ళు భుజం తట్టాక వదిలింది.

తరవాత చెల్లెలి ఇంటి ముందు పందిరి కింద కూర్చున్నాం. ఒకమ్మాయి మా అందరికీ నీళ్ళు తెచ్చింది. కొన్న క్యాను నీళ్ళు, తళతళలాడే స్టీలు గ్లాసుల్లో. చెల్లెలు ఆ ట్రేని చూసింది. లేచి ఇంట్లోకి వెళ్ళి ఒక బిందె తెచ్చి ఏఈ ముందు పెట్టింది. బయట మామూలుగా ఉంది. లోపల మెడ నుంచి అడుగు దాకా నల్లగా, నూనె మసి పట్టినట్టు ఉంది.

"చూడండి సారూ. ఇది తోమనిది."

ఏఈ వేలితో గీశాడు. వేలికి నలుపు అంటింది.

"అన్ని ఇళ్ళలో ఇట్టానే ఉన్నాయి. చింతపండేసి రుద్దితేగానీ పోదు" అంది. "అక్క వస్తందంటే, ఆటో హైవే దిగంగానే కబురు వచ్చేది. అందరం బిందెలు తోమేవాళ్ళం. మా కాలనీలో అంత చదువు చదివింది అదొక్కతే. మసి బిందెలు ఎట్టా చూపిస్తాం దానికి? దానికి తాగడానిక్కూడా క్యాను నీళ్ళే పోసేవాళ్ళం. ఆ రోజు ఇంటింటికీ వచ్చి బిందెలు చూసింది గదా... అప్పటికే తోమేశాం."

"చెప్పొచ్చు గదమ్మా ఆవిడకి" అన్నాడు ఏఈ.

"చెబితే బోరింగు మూసేది."

పెద్దింటి చుట్టం వస్తే ఇల్లు అలికినట్టు, వాళ్ళు మేడమ్ కోసం బిందెలు తోమారు. మేడమ్ వెతికిందల్లా ఆ నలుపు కోసమే. చెల్లెలికి నేను ఆమె చివరి మాటలు చెప్పాలా వద్దా అని కాసేపు ఆలోచించాను. అడిగితే చెబుదామనుకున్నాను. ఆమె అడిగింది.

"చివర్లో నా మాట ఏమన్నా అన్నదా?"

చెప్పాను. బిందెల సంగతి, తాను తప్పేమోనన్న సంగతి, రోడ్డు సంగతి. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. విని ఆమె బిందెను పక్కకు వంచి లోపలికి చూసింది. "తప్పు కాదని నేనొక్క ఫోను చేస్తే సరిపోయేది" అంది. ఎవరితో అన్నదో తెలియదు.

నల్ల పొర మాంగనీసేనని నేను రాయడం లేదు. ఏఈ అదేనని అనుకుంటున్నాడు, అంతవరకే. అది తేలాల్సింది ల్యాబులో. పిల్లల మీద ప్రభావం ఉందా లేదా అన్నది అసలు ఎవరూ చూడలేదు. చూడాల్సినవాళ్ళకు మేడమ్ పెట్టిన అర్జీలు ఇప్పటికీ పెండింగులోనే ఉన్నాయి. క్వారీ వైపు తోటల్లో మామిడి పూత దిగి పిందె కట్టింది. ధర ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. గుంట దగ్గర లారీలు తిరిగేందుకు వీలుగా దారి అలాగే ఉంది.

మేం లేచేటప్పుడు చెల్లెలు ఏఈని ఆపింది.

"బాటిలు ఎప్పుడు తెస్తావు సారూ?"

"గురువారం పదింటికి తెస్తానమ్మా. యాసిడ్ వేసి అదే రోజు నేనే విజయవాడ తీసుకెళ్తా."

"చెడ్డవని వస్తే?"

"బోరింగుకి ఎర్ర రంగు వేస్తాం. తాగడానికి వాడకూడదు."

"అయితే ట్యాంకరు ముందు రావాలి. బాటిలు తరవాత. రంగు వేసిన రోజు మా ఆడపిల్లలు రోడ్డు దాటడానికి వీల్లేదు. ఒక్కరోజు వచ్చి ఫొటో దిగి పోతే కుదరదు. పైపు పడేదాకా రోజూ రావాలి."

ఏఈ పక్కకు వెళ్ళి ఎవరితోనో ఫోన్లో మాట్లాడి వచ్చాడు. పై అధికారి ఒప్పుకున్నారని చెప్పాడు. కాగితం మీద ఇంకా ఏమీ లేదు.

ఇది రాస్తున్న మంగళవారం సాయంత్రానికి ఖరారైనది ఇంతే. గురువారం ఉదయం తొమ్మిది గంటలకు ట్యాంకరు కాలనీకి రావాలి. పదింటికి ఏఈ బాటిలుతో వస్తాడు. అంతవరకూ కాలనీలో ఎవరూ బిందె తోమకూడదని చెల్లెలు ఇంటింటికీ చెప్పి వచ్చింది. ట్యాంకరు రాకపోతే బాటిలు నింపనివ్వనని కూడా చెప్పింది.